వీబీఎస్ పిల్లలకు మంచిదేనా? న్యూయార్క్ బీరు హాలు నుంచి మన గూడేల దాకా

పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

ఏప్రిల్ వచ్చిందంటే మన వాళ్ళ మధ్య ఒక గొడవ తప్పదు. ఎవరో ఒకరు తమ ఊళ్ళో వీబీఎస్ ర్యాలీ ఫొటో పెడతారు. కింద ఇంకొకరు "మన పిల్లల్ని మన నుంచి లాక్కుంటున్నారు" అని రాస్తారు. దానికి మరొకరు "ఎండాకాలం మీ పిల్లలకు పాట నేర్పింది ఎవరు, ఒక పూట తిండి పెట్టింది ఎవరు" అని అడుగుతారు. రెండు రోజుల్లో మాట డీలిస్టింగ్ దాకా పోతుంది. ఒకే ఇంటిపేరు వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు బ్లాక్ చేసుకుంటారు. ఆ డీలిస్టింగ్ సంగతి ఒక్క మాటలో చెప్పి పక్కన పెడదాం. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. ఎస్సీల ఉత్తర్వులో ఉంది, మనదాంట్లో లేదు. కాబట్టి చర్చికి పోయే కోయవాడు కోయవాడే, పోనివాడూ కోయవాడే. ఇక్కడ మాట్లాడుకోవాల్సింది పిల్లల గురించి.

మా హాస్టల్లో పాడేరు వైపు వాళ్ళం ఉన్నాం, చింతూరు వైపు వాళ్ళం ఉన్నాం, సీతంపేట వైపు వాళ్ళం ఉన్నాం. సగం మందిమి చిన్నప్పుడు వీబీఎస్‌కి పోయినవాళ్ళమే. వాళ్ళలో క్రైస్తవుల పిల్లలూ ఉన్నారు, కానివాళ్ళూ ఉన్నారు. మంచిదా చెడ్డదా అని రాత్రుళ్ళు వాదించుకుని వాదించుకుని, అసలు ఇది ఎక్కడ మొదలైంది, ఎందుకు మొదలైంది అని వెతికాం. దొరికింది మేము అనుకున్నదానికంటే ఆసక్తిగా ఉంది.

తెలియని వాళ్ళ కోసం: వీబీఎస్ అంటే వెకేషన్ బైబిల్ స్కూల్. వేసవి సెలవుల్లో 5 రోజులో 10 రోజులో, పొద్దున మొదలై మధ్యాహ్నానికి అయిపోతుంది. ప్రార్థన, చేతులూపుతూ పాడే యాక్షన్ సాంగ్స్, బైబిల్ కథ, కంఠత వాక్యం, బొమ్మలకు రంగులు, ఆటలు. చివరి రోజు ర్యాలీ, రాత్రికి స్టేజీ మీద ప్రోగ్రాం, బహుమతులు. స్టీలు గ్లాసో, టిఫిన్ బాక్సో, పెన్నో.

దీనికి ముందు సండే స్కూలు ఉంది. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్నంలో రాబర్ట్ రేక్స్ అనే పత్రిక యజమాని దాన్ని నడిపి ప్రచారం తెచ్చాడు. అక్కడి పేద పిల్లలు వారంలో ఆరు రోజులు పనిలో ఉండేవాళ్ళు. ఖాళీ దొరికేది ఆదివారం ఒక్కరోజే, ఆ రోజు వీధుల్లో తిరిగేవాళ్ళు. అప్పటికి అక్కడ సర్కారు బడులు లేవు. అందుకని ఆదివారం వాళ్ళను కూర్చోబెట్టి చదవడం నేర్పారు. పుస్తకం బైబిలే, కానీ చాలామందికి అక్షరం వచ్చింది అక్కడే. మన దేశంలో కూడా 1876కే సండే స్కూళ్ళకు ఒక సంఘం ఏర్పడింది.

వేసవి బడి మాత్రం అమెరికాలో పుట్టింది. 1894లో ఇల్లినాయ్ రాష్ట్రంలో హోప్‌డేల్ అనే చిన్న ఊళ్ళో ఒక పాస్టరుగారి భార్య, ఆవిడ టీచరు కూడా, ఆదివారం గంటసేపు చెప్పే పాఠం చాలడం లేదని సెలవుల్లో బడి పెట్టింది. 40 మంది దాకా పిల్లలు వచ్చారు. అయితే మాకు ఎక్కువ నచ్చిన కథ 1898 నాటి న్యూయార్క్‌ది. ఆ నగరంలో ఈస్ట్ సైడ్ అంటే వలస వచ్చిన కూలీల పేటలు. ఇరుకు ఇళ్ళు. తల్లీ తండ్రీ పనికి పోతారు, వేసవిలో బడి మూస్తారు, పిల్లలు రోడ్ల మీద. మిసెస్ హాస్ అని ఒక డాక్టరు గారి భార్య అది చూసింది. ఆ పిల్లల కోసం రోజూ నడిచే బడి పెట్టాలనుకుంది, చోటు దొరకలేదు. చివరికి ఆ పేటలో అద్దెకు దొరికింది ఒక బీరు హాలు. అందులోనే పెట్టింది. పాటలు, కథలు, ఆటలు, బొమ్మలు గీయడం, వంట చేయడం నేర్పేవాళ్ళట.

తర్వాత జరిగింది ఇంకా బాగుంటుంది. చర్చి పెద్దలు "బీరు హాలెందుకు, మా చర్చి భవనంలోనే పెట్టుకోండి" అన్నారు. ఆవిడ అక్కడికి మార్చింది. పిల్లలు తగ్గిపోయారు! మళ్ళీ పేటలోకి, ఆ బీరు హాలు దగ్గరికే వచ్చేసింది. మందు కొట్టుకి దగ్గరైనా పర్లేదు, ఇంటికి దగ్గరుంటే పిల్లలు వస్తారన్నమాట. మన దగ్గర ఐదు కిలోమీటర్లు దిగి రమ్మనే ఆఫీసర్లకు ఈ కథ ఎవరైనా చెబితే బాగుండు.

1901లో రాబర్ట్ బోవిల్ అనే బాప్టిస్టు అధికారి దీన్ని పట్టుకున్నాడు. ఆ నగరంలోనే ఐదు చోట్ల పెట్టించాడు. ఆయన లెక్క సూటిగా ఉంటుంది. వేసవిలో చర్చి భవనాలు వారమంతా ఖాళీ, కాలేజీ కుర్రాళ్ళు ఖాళీ, పేద పిల్లలు ఖాళీ. మూడు ఖాళీలను ఒకచోట చేర్చితే బడి అవుతుంది. టీచర్లుగా చదువుకుంటున్న విద్యార్థులనే పెట్టాడు. 1922 నాటికి దీన్ని ప్రపంచమంతా తీసుకుపోవడానికి ఒక సంఘం పెట్టాడు. 1923లో స్టాండర్డ్ పబ్లిషింగ్ అనే కంపెనీ మొత్తం పాఠాలను పుస్తకాలుగా అచ్చువేసి అమ్మడం మొదలుపెట్టింది. ఏ రోజు ఏ కథ, ఏ పాట అన్నీ అందులోనే.

ఈ రెండు విషయాలు గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం పడతాయి. ఒకటి, ఆ బడి పుట్టింది పనికి పోయిన తల్లుల పిల్లల కోసం. రెండు, పాతికేళ్ళు తిరిగేసరికి అది డబ్బాలో పెట్టి అమ్మే వస్తువైంది. ఎవరు ఎక్కడ తెరిచినా లోపల అదే ఉంటుంది.

ఇప్పుడు మన కొండల దగ్గరికి వద్దాం. గోదావరి పక్కన దుమ్ముగూడెం అందరికీ తెలుసు. పైగోదావరిలో పడవలు నడపాలని కాటన్ కాలంలో అక్కడ ఆనకట్ట పనులు పెట్టారు. ఆ పనుల మీదున్న హేగ్ అనే ఇంజనీరు చుట్టూ ఉన్న కోయల మధ్య మిషన్ పెట్టమని ఇంగ్లండులోని సి.ఎం.ఎస్. వాళ్ళను అడిగాడు. అలా 1860ల్లో మొదలైంది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ అనే ఫాదరీ దశాబ్దాలు అక్కడే ఉన్నాడు. ఆయన మన భాష నేర్చుకున్నాడు. 1880లకే లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, కోయల ఆచారాల గురించి 1870ల నుంచి 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో రాశాడు. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన కులాలు, తెగల పెద్ద పుస్తకంలో కోయల గురించి ఉన్న చాలా భాగం కెయిన్ రాసిందే. ఆయన మన దేవుళ్ళను గౌరవించాడని కాదు. మతం మార్చడానికే వచ్చాడు, ఆ సంగతి దాచుకోలేదు. కానీ మన ఇంటి ముందు కూర్చుని మన మాటలో మాట్లాడాలంటే మన మాట నేర్చుకోవాలని ఆయనకు తెలుసు.

సవరల వైపు గిడుగు రామమూర్తి పంతులుగారు ఉన్నారు. ఆయన మిషనరీ కాదు. పర్లాకిమిడి బడి పంతులు, తెలుగు వాళ్ళకు వ్యావహారిక భాష గిడుగుగా తెలుసు. ఆయన సవర నేర్చుకుని, సవరలో పాఠ పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టాడు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. అదే కాలంలో, 1936లో, మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొంత లిపి తయారుచేశాడు. కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు సవరలోనే పాటలు, సువార్త తెచ్చారు. అంటే ఒకే భాష మీద పంతులు, మిషనరీ, ఊరి పెద్ద ముగ్గురూ పనిచేశారు. దారులు వేరు. ముగ్గురూ పిల్లవాడి నోట్లో ఉన్న మాట దగ్గరే మొదలుపెట్టారు.

ఇప్పుడు మన గూడేనికి వచ్చే వీబీఎస్ పుస్తకం చూడండి. పట్నంలో అచ్చయింది. తెలుగు, అది కూడా బైబిలు తెలుగు. బొమ్మల్లో గొర్రెలు, ద్రాక్షతోటలు, ఒక్కోసారి మంచు కూడా. ఐదేళ్ళ కోయ పిల్లకి "ఏరు" అంటే తాగే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. యొర్దాను నది కథ చెబుతూ ఏరు దాటారు అంటే ఆ పిల్ల బుర్రలో ఏ బొమ్మ పడుతుందో ఆలోచించండి. నూట నలభై ఏళ్ళ కింద సువార్తే కోయలో దొరికింది, ఇప్పుడు పిల్లల పాట తెలుగులో వస్తోంది. అది వెనక్కి నడవడం కాదా అని చర్చికి పోయే మా స్నేహితులే అడుగుతున్నారు.

కానీ సర్కారు బడిని వదిలేసి చర్చిని ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. బడిలో కూడా ఇదే కదా. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన అని మొదలుపెట్టారు. వాచకాలు కూడా వేశారు. మాలో చాలామందిమి ఆ పుస్తకం కళ్ళతో చూడకుండానే పదో తరగతి దాటాం. ఏజెన్సీలో టీచరు పోస్టులు నూటికి నూరు మనవాళ్ళకే అని 2000లో వచ్చిన జీవో నంబరు 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. బడిలో మన భాష తెలిసిన టీచరు ఉంటాడో లేదో అదృష్టం. వీబీఎస్‌లో చూస్తే పుస్తకం తెలుగుది, చెప్పే అక్క మాత్రం మన ఊరి అక్కే. ఇంటర్ చదివిన కోయ పిల్లో, కొండదొర పిల్లో. పుస్తకం పక్కన పెట్టి మన మాటలో చెప్పేస్తుంది. పిల్లలు నవ్వుతారు. ఈ సంగతి వీబీఎస్‌ను తిట్టేవాళ్ళు ఒప్పుకోవాలి.

ఇంకా ఒప్పుకోవాల్సినవి ఉన్నాయి. మా హాస్టల్లో మైకు పట్టుకుంటే వణకని వాళ్ళు ఎవరా అని చూస్తే, ఎక్కువమంది చిన్నప్పుడు వీబీఎస్ స్టేజీ ఎక్కినవాళ్ళే. పాటల పుస్తకంలో వేలు పెట్టి చదవడం వల్ల బడికంటే ముందు తెలుగు చదవడం వచ్చినవాళ్ళున్నారు. ఆడపిల్లలైతే మరీ. ఊళ్ళో నలుగురి ముందు నిలబడి ఆడపిల్ల మాట్లాడేది ఇంకెక్కడ? మన పండగల్లో గుంపులో థింసా ఆడుతుంది, కానీ ఒక్కతే నిలబడి మాట్లాడే చోటు తక్కువ. మనం మనలో మనం నిజం చెప్పుకోవాలి.

తల్లుల సంగతి. ఏప్రిల్, మే అంటే తునికాకు. తెల్లారకముందే అడవికి పోవాలి, ఎండెక్కేసరికి దిగాలి, ఇంటికొచ్చి 50 ఆకుల చొప్పున కట్టలు కట్టాలి, సాయంత్రం కల్లానికి మొయ్యాలి. చంటిపిల్లను వీపున కట్టుకుని పోవచ్చు. ఆరేళ్ళవాణ్ణి ఏం చేయాలి? బడి మూస్తే మధ్యాహ్న భోజనం కూడా ఆగిపోతుంది. ఆ టైములో పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక గుడ్డో ఉప్మానో పెట్టి పంపేవాళ్ళు ఉంటే ఏ తల్లి వద్దంటుంది? న్యూయార్క్ కూలి తల్లీ మన అమ్మా ఒకే కారణంతో పంపారు. చాలామంది అమ్మలకు అక్కడ ఏ దేవుడి పేరు చెబుతున్నారనేది రెండో మాట. గొడవపడే మగవాళ్ళం మనమే, పిల్లల్ని చూసుకోమంటే ఒక్కడూ ముందుకు రాడు.

ఇంతవరకు మంచి. ఇక మమ్మల్ని బాధపెట్టే సంగతి.

బోవిల్ లెక్కలో పిల్లలు వేసవిలో ఖాళీ. న్యూయార్క్‌లో నిజమే. మన కొండల్లో వేసవి ఖాళీ కాదు. ఇప్ప పువ్వు ఏరడం అయిపోతుండగానే తునికాకు, ఆ వెంటనే మామిడి. పాడేరు వైపు చైత్రంలో ఇటుకల పండుగ. మగవాళ్ళు వేటకు పోతారు, ఉత్త చేతుల్తో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లుతారు, రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బండ్ల దగ్గర డబ్బులు వసూలు చేస్తారు. కోయల్లో, కొండరెడ్లలో కొత్త మామిడి పండగ అయ్యేదాకా మామిడికాయ ముట్టరు. తర్వాత విత్తనాల పండుగ. పంట, అడవి, దేవత, చుట్టం అన్నీ ఈ రెండు నెలల్లోనే కలుస్తాయి. ఏ చెట్టు ఎందుకు కొట్టకూడదో, ఏ ఇంటిపేరు వాళ్ళు మనకు అన్నదమ్ములో, ఏ ఇంటిపేరు వాళ్ళతో పెళ్ళి కుదురుతుందో పిల్లలకు తెలిసేది ఈ రోజుల్లోనే.

దీనికి తోడు ఆశ్రమ పాఠశాల. మనలో ఎక్కువమంది మూడో తరగతిలోనో ఐదో తరగతిలోనో పెట్టె పట్టుకుని హాస్టలుకి పోయినవాళ్ళమే. మూడో తరగతి నుంచి పదో తరగతి అంటే ఎనిమిదేళ్ళు. వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సుమారు 7 వారాలు. ఎనిమిది వేసవులు కలిపితే 56 వారాలు. అంటే పిల్లవాడు ఊళ్ళో తాత దగ్గర, అవ్వ దగ్గర గట్టిగా కూర్చునేది మొత్తం మీద ఒక ఏడాది, దాని మీద ఒక నెల. దసరా, సంక్రాంతి సెలవులు ఉన్నా అవి వచ్చినట్టే వచ్చి పోతాయి. భాష వచ్చేది, పోయేది ఆ 56 వారాల్లోనే. ఏటా 10 రోజుల వీబీఎస్ అంటే ఎనిమిదేళ్ళకు 80 రోజులు, ఉన్న రోజుల్లో ఐదో వంతు. పట్నం పిల్లకు 10 రోజులు 10 రోజులే. ఆశ్రమ పాఠశాల పిల్లకు ఆ లెక్క వేరు.

కొందరు దీన్ని కెనడా బడులతో పోలుస్తారు. అక్కడ చర్చిలు నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్ళలో లక్షన్నర మంది మూలవాసీ పిల్లల్ని పెట్టారని, భాష మాట్లాడితే కొట్టారని 2015లో సత్య కమిషన్ నివేదిక ఇచ్చింది. చర్చిలే తర్వాత క్షమాపణ చెప్పాయి. ఆ పోలిక వీబీఎస్‌కి అతకదు. వీబీఎస్ పిల్ల మధ్యాహ్నానికి ఇంటికొస్తుంది, అమ్మ ఒళ్ళో పడుకుంటుంది. ఆ కథలో మనకు పనికొచ్చే ముక్క వేరే ఉంది. అక్కడ పిల్లల్లో చాలామంది ఏళ్ళ తరబడి ఇంటికి రాలేదు, అందుకే మాట తెగింది. ఆ రకంగా చూస్తే మనం కంగారు పడాల్సింది 10 రోజుల వీబీఎస్ గురించి కంటే పదిన్నర నెలల హాస్టలు గురించి. అది కట్టించింది చర్చి కాదు. అందులో ఉండి చదువుకుంటూనే ఈ మాట రాస్తున్నాం. హాస్టలు లేకపోతే మాలో ఒక్కరు కూడా కాలేజీ గేటు చూసేవాళ్ళం కాదని కూడా తెలుసు.

రోజుల లెక్క కంటే కూడా ఒక వాక్యం ఎక్కువ పని చేస్తుంది. కొన్ని వీబీఎస్‌లలో, అన్నిట్లో కాదు, "మీ తాత మొక్కేది దయ్యం" అని చెబుతారు. ఏడేళ్ళ పిల్ల ఆ మాట పట్టుకుని ఇంటికొస్తుంది. మామిడి పండగ రోజు తాత పిలిస్తే రాదు, ప్రసాదం ముట్టదు. తాత ఏమీ అనడు. ఆ మరుసటి వేసవి ఆ పిల్లకు కథ చెప్పడు. మాలో ఇద్దరి ఇళ్ళలో అచ్చంగా ఇలాగే జరిగింది, ఇద్దరూ వేరే వేరే జిల్లాల వాళ్ళు.

ఇక్కడ సవరల కథ మళ్ళీ చెప్పాలి. పియర్స్ విటెబ్స్కీ అనే బ్రిటిష్ మానవ శాస్త్రవేత్త 1970ల్లో ఒడిశా సవర ఊళ్ళకు వచ్చాడు. అప్పుడు చనిపోయిన వాళ్ళతో పూజారి ద్వారా గంటలు గంటలు మాట్లాడేవాళ్ళు. ఏడ్చేవాళ్ళు, తిట్టేవాళ్ళు, నవ్వేవాళ్ళు, అప్పుల సంగతి అడిగేవాళ్ళు. ఆయన 2017లో 'లివింగ్ వితౌట్ ది డెడ్' అని ఇంకో పుస్తకం రాశాడు. అప్పటికి ఆ ఊళ్ళలో కుర్రకారు చాలావరకు బాప్టిస్టులైపోయారు, చనిపోయిన వాళ్ళతో మాటలు ఆగిపోయాయి. మిషనరీ వచ్చి మోసం చేశాడు అని ఆయన సింపుల్‌గా తేల్చేయడు. బలులకు అయ్యే ఖర్చు, అప్పులు, పాత పెద్దల పెత్తనం నుంచి కుర్రాళ్ళు బయటపడాలనుకున్నారు. చదువు, పాట కొత్త దారి చూపించాయి. వాళ్ళకు దొరికింది నిజంగానే దొరికింది, పోయింది కూడా నిజంగానే పోయింది. ముసలి పూజారి అమ్మలకు మాత్రం తమ విద్య నేర్చుకునే పిల్ల లేకుండా పోయింది. మన గ్రూపులో రెండు వైపులా అరిచేవాళ్ళు ఈ రెండు మాటలూ ఒకేసారి ఒప్పుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

ఇంకో మాట. చర్చిని అడిగే ప్రశ్నే అందర్నీ అడగాలి. 1952లో జష్‌పూర్‌లో వనవాసీ కళ్యాణ్ ఆశ్రమం పెట్టింది మిషనరీలకు పోటీగానే. ఇప్పుడు కొండల్లో వేసవి శిబిరాలు వాళ్ళవీ ఉన్నాయి, ఇంకా వేరే వాళ్ళవీ ఉన్నాయి. అక్కడ కూడా తెలుగు పాటలు, సంస్కృత శ్లోకాలు, బహుమతులు. మన గంగాలమ్మ, మన నిశాని దేవత, మన భీమన్న అక్కడ కూడా పెద్ద దేవుళ్ళ పక్కన చిన్నవాళ్ళయి కూర్చుంటారు. ఒకరు దయ్యం అంటే ఒకరు "అదంతా మాలోదే" అంటారు. పిల్లవాడికి మాత్రం రెండు చోట్లా తన తాత చెప్పింది చాలదనే అర్థమవుతుంది. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే విద్యాసంస్థలో మత బోధన పెట్టకూడదు. గుర్తింపు పొందిన మిగతా బడుల్లో కూడా మైనర్ పిల్లలను మత బోధనకు కూర్చోబెట్టాలంటే సంరక్షకుల ఒప్పుదల కావాలి. చర్చి ఆవరణలో పెట్టేదానికి ఆ అధికరణం సూటిగా వర్తించకపోవచ్చు. కానీ ఆ పద్ధతి మంచిదే కదా. అమ్మకో నాన్నకో ముందే వివరంగా చెప్పి, సరే అంటే తీసుకోవడం.

మరి మా మాట ఏమిటి అంటారా? మా హాస్టల్లో అందరికీ ఒకటే అభిప్రాయం లేదు. ఎక్కువమందిమి ఒప్పుకున్నది చెబుతాం. వీబీఎస్ పిల్లలకు మంచిదే కావచ్చు. ఇటుకల పండుగ రోజుల్లో, మామిడి పండగ రోజుల్లో పెట్టకపోతే. చెప్పే అక్క మన భాషలో చెబితే. ఇంటి దేవుణ్ణి తిట్టకుండా యేసు కథ చెప్పగలిగితే. చెప్పగలరు, మా స్నేహితుల ఊళ్ళలో అలా చెప్పే పాస్టర్లు ఉన్నారు. వాళ్ళలో ఒకాయన ఊరి పటేలును అడిగి పండగ రోజులు వదిలేసి తేదీలు పెడతారు. ఆయన దగ్గరికి చర్చికి పోని ఇళ్ళ పిల్లలు కూడా వస్తారు, ఇంతవరకు ఒక్క గొడవ లేదు. వీటిలో ఒక్కటీ లేకుండా పట్నం డబ్బా తెచ్చి గూడెంలో విప్పితే మాత్రం మంచిది కాదు, గుడ్డు పెట్టినా సరే.

వీబీఎస్ వద్దు అనేవాళ్ళని మేం ఒకటే అడుగుతాం. వద్దన్నాక ఆ పిల్లల్ని పొద్దున ఎవరు చూస్తారు? మన చరిత్రలో దానికి జవాబు ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. ఆయన 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించాడు. కొద్దో గొప్పో చదువొచ్చిన గోండు కుర్రాళ్ళను వెతికి, వాళ్ళనే టీచర్లను చేశారు. గోండి భాషలో, దేవనాగరి అక్షరాలతో వాచకాలు వేశారు. వాటిలో గోండుల కథలే పెట్టారు. మన పిల్లలకు మన మాటలో మనవాళ్ళే చెప్పడం కుదరని పని కాదని 80 ఏళ్ళ కిందే తేలిపోయింది. తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

బోవిల్ చేసిన లెక్కలో ఒక ముక్క మనకూ పనికొస్తుంది. కాలేజీ కుర్రాళ్ళకు వేసవిలో సెలవులు. మేమూ ఇంటికొస్తాం. పోయిన వేసవిలో మాలో నలుగురు ఒక గూడెంలో సాయంత్రాలు 6 రోజులు కూర్చున్నారు. పొద్దున ఆ ఊళ్ళో వీబీఎస్ నడుస్తోంది, దాని జోలికి పోలేదు. సాయంత్రం ఎండ తగ్గాక చింతచెట్టు కింద ఒక అవ్వను కూర్చోబెట్టి కథలు చెప్పించారు, పిల్లలు పలకల మీద చెట్ల పేర్లు కోయలో రాశారు. 22 చెట్ల దాకా వచ్చాయి. అందులో తొమ్మిదింటికి తెలుగు పేరు మా నలుగురిలో ఎవరికీ తెలియదు. మూడో రోజు నుంచి వీబీఎస్ చెప్పే అక్క కూడా వచ్చి కూర్చుంది, అవ్వ కథ ఒకటి తన ఫోన్‌లో రికార్డు చేసుకుంది. పిల్లలకు పెట్టింది మాత్రం మామిడికాయ ముక్కలు, ఉప్పు. గుడ్లకు డబ్బుల్లేవు.

ఈసారి మే రెండో వారంలో మళ్ళీ చేద్దామనుకుంటున్నాం. మూడు గూడేలు అనుకున్నాం, ఒకటి చింతూరు వైపు, రెండు పాడేరు వైపు. పలకలు 14 ఉన్నాయి. సవర వచ్చినవాళ్ళు ఎవరైనా సీతంపేట వైపు మొదలుపెడతామంటే మేం చేసిన పేర్ల పట్టిక పంపిస్తాం, మీ పేర్లు అందులో కలపండి. మీ ఊళ్ళో మామిడి పండగ ఏ తేదీకి పెట్టుకున్నారో కూడా చెప్పండి, ఆ రోజు తప్పించి పెట్టుకుందాం.